బిళ్ళ సన్నం, కోత లావు

(హైదరాబాదులో ఒక ఆదివారం ఉదయం, ఇంటి దగ్గర చిన్న చిన్న లోహపు పనులు చేసుకునేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు వద్దన్నాను. వెనక వరసలో వినపడకపోతే చెయ్యి ఎత్తండి. ముప్పై ఏళ్ళకు పైగా యంత్రాల చప్పుడులో పనిచేసినవాణ్ణి. గొంతు పెంచడం నాకు కష్టం కాదు, ఇంట్లో తగ్గించుకోవడమే కష్టం.

ముందు ఈ రెండు ఇత్తడి ముక్కలు చూడండి. ఇక్కడి నుంచి ఒక్కొక్కరు చూసి పక్కవారికి ఇవ్వండి. ఒకదాని మీద 'క' అని, రెండోదాని మీద 'గ' అని గీశాను. రెండింటిలోనూ ఒక్కొక్క గాడి కోశాను. చేత్తో పట్టుకుని వాడే చిన్న రోటరీ యంత్రానికి గుండ్రటి కోత బిళ్ళ తగిలించి కోశాను. 'క' ముక్కను 0.6 మిల్లీమీటర్ల మందమున్న బిళ్ళతో కోశాను, 'గ' ముక్కను దానిలో సగం, అంటే 0.3 మిల్లీమీటర్ల బిళ్ళతో కోశాను. ఏ గాడి వెడల్పుగా ఉందో చూసి చెప్పండి. గోరు పెట్టి చూసినా తెలుస్తుంది. అవును, 'గ' ముక్కలోదే. నిన్న రాత్రి ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉండే సన్నటి రేకుల కట్ట, పెట్టి కొలిచాను. సన్నటి బిళ్ళ చేసిన గాడిలో 0.7 మిల్లీమీటర్ల రేకు దూరింది. లావు బిళ్ళ గాడిలో 0.65 రేకు బిగుతుగా పట్టింది.

ఇందులో గారడీ ఏమీ లేదు. అదే యంత్రం, అదే చెయ్యి, అదే ఇత్తడి. బిళ్ళ కాక మారింది ఒక్కటే, బిళ్ళను పట్టుకునే మాండ్రెల్. 'గ' ముక్కకు కావాలనే నా డబ్బాలోని పాతది, బిళ్ళ కూర్చునే భుజం మీద చిన్న గీరుడు ఉన్నది వాడాను.

నాకు తరచుగా వచ్చే ఫోను ఏమిటంటే, 'అన్నిటికన్నా సన్నటి బిళ్ళ ఎక్కడ దొరుకుతుందండీ?' అని. నేను తిరిగి 'మీ మాండ్రెల్ ఎన్నాళ్ళ నాటిది?' అని అడుగుతాను. అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి అని వాళ్ళకు కోపం వస్తుంది. ఆ ఫోనుల్లో పూర్తిగా చెప్పలేకపోయిన జవాబే ఈ రోజు చెబుతున్నాను.

అసలు సన్నటి బిళ్ళ ఎందుకు కావాలి? బంగారం కొన్న ప్రతి ఇంట్లోనూ 'తరుగు' అనే మాట తెలుసు. నగ ధరలో మజూరీ పక్కనే తరుగు వేస్తారు. మన బిళ్ళ చేసే గాడి కూడా తరుగే. అక్కడ ఉన్న లోహం పొడి అయి పోతుంది. లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీమీటరు లావున్న 22 క్యారెట్ల బంగారు తీగను చుట్టలా చుట్టి, గొలుసు కోసం రింగులు కోస్తున్నామనుకోండి. 0.6 మిల్లీమీటర్ల కోతకు ఒక్కో రింగు దగ్గర సుమారు 8 మిల్లీగ్రాముల బంగారం పొడి అవుతుంది. 0.2 కోత అయితే 3 మిల్లీగ్రాముల లోపే. 200 రింగులకు ఒక దానిలో సుమారు 1.7 గ్రాములు, ఇంకో దానిలో 0.6 గ్రాముల లోపు. తేడా ఒక గ్రాము పైనే. అందుకే నగలు చేసేవాళ్ళు 0.2, 0.3 బిళ్ళల కోసం వెతుక్కుంటారు. ఆ పొడిని కూడా వాళ్ళు పారెయ్యరు. కంసాలి కొట్టు ఊడ్చిన మట్టిని కొనుక్కుని, కడిగి, అందులోంచి బంగారం తీసి బతికినవాళ్ళు ఉన్నారు.

మీలో బంగారం కోసేవారు ఎందరు? ఒక్కరూ లేరు. మరి మనకు తరుగు ఎందుకు? ఇత్తడి తరుగుకు ఎవరూ ఏడవరు. మనకు కావలసింది వేరు. నేను సెలవు రోజుల్లో ఇత్తడితో చిన్న ఎడ్లబండ్లు చేస్తాను. చక్రానికి 12 ఆకులు, అంటే స్పోకులు. ఆ ఆకులను 0.6 మిల్లీమీటర్ల రేకులోంచి కోసి, చక్రం మధ్యలో ఉండే కుండలో 12 గాళ్ళు కోసి దిగేస్తాను. గాడి 0.6 కన్నా కొంచెం సన్నగా ఉంటే రేకు దిగదు. ఎక్కువైతే ఆకు ఊగుతుంది, అతుకు పెట్టేటప్పుడు వంకర పోతుంది, 12 ఆకుల్లో ఒక్కటి వంకర పోయినా చక్రం చూడగానే తెలిసిపోతుంది. అంటే నాకు కావలసింది సన్నటి కోత కాదు, అనుకున్నంత వెడల్పు కోత. మీలో చాలామందికి కూడా అంతే. సర్క్యూట్ బోర్డు కోసేవారికైనా, తల అరిగిపోయిన స్క్రూకు కొత్త గాడి పెట్టేవారికైనా ఇదే వర్తిస్తుంది. ఎంత సన్నం అని కాదు, ఎంత కచ్చితం అని అడగండి.

ఇక 'గ' ముక్క సంగతి. మాండ్రెల్ అంటే తెలుసు కదా. ఒక కాడ, దాని చివర చిన్న స్క్రూ, స్క్రూ కింద కొంచెం వెడల్పుగా ఒక భుజం. బిళ్ళ ఆ భుజం మీద కూర్చుంటుంది, స్క్రూ దాన్ని పైనుంచి నొక్కి పట్టుకుంటుంది. ఆ భుజం వెడల్పు 5 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని ఒక అంచు మీద 0.05 మిల్లీమీటర్ల ఇనుప రవ్వ ఒకటి ఇరుక్కుంది. మన తల వెంట్రుక కన్నా సన్నం అది. బిళ్ళ ఒక పక్కకు ఒరిగింది. ఎంత? ప్రతి 100 మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు వాలు. వినడానికి ఎంతో చిన్న వాలు. కానీ బిళ్ళ 22 మిల్లీమీటర్లది, కేంద్రం నుంచి అంచుకు 11. అంచు అటు 0.11, ఇటు 0.11, మొత్తం 0.22 మిల్లీమీటర్లు ఊగుతుంది. 0.3 బిళ్ళకు ఆ 0.22 కలిపితే కోత 0.52 అయింది. రవ్వ ఇంకొంచెం పెద్దదైతే 0.7. వెంట్రుకంత రవ్వ బిళ్ళ మందాన్ని రెట్టింపు చేసింది.

ఈ ఊగుడు నాలుగు చోట్ల పుడుతుంది. మాండ్రెల్ భుజం ఒకటి. కాడ వంగిపోవడం రెండోది. వంగిన కాడను సుత్తితో సరిచేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి, నేను కూడా ఎన్నోసార్లు చేశాను, ఒక్కసారీ కుదరలేదు. మూడోది కాడను పట్టుకునే కాలెట్. నాలుగోది యంత్రం బేరింగు, అది అరిగితే బిళ్ళలు ఎన్ని మార్చినా లాభం లేదు.

కాలెట్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే మన దగ్గర చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సాధారణంగా ఈ యంత్రాల కాడలు 3.2 మిల్లీమీటర్లవి. దంత వైద్యుల సామగ్రి దుకాణాల్లోనూ, నగల పనిముట్ల దుకాణాల్లోనూ దొరికే కాడలు 2.35 మిల్లీమీటర్లవి. సన్నటి మంచి బిళ్ళలు, మంచి మాండ్రెళ్ళు దొరికేది ఆ దుకాణాల్లోనే. కొనుక్కొచ్చి 3.2 కాలెట్‌లో పెట్టి బిగిస్తారు. బిగిసినట్టే ఉంటుంది. కాలెట్ మూతి మాత్రమే మూసుకుంటుంది, లోపల కాడ ఖాళీగా ఊగుతుంటుంది. దానికి 2.4 మిల్లీమీటర్ల కాలెట్ విడిగా కొనుక్కోవాలి. పెద్ద ఖర్చు కాదు. ఇంకొందరు ఏ కాడకైనా సరిపోతుందని మూడు పళ్ళ చక్ తగిలిస్తారు. డ్రిల్లు బిట్టుకు అది చాలు. సన్నటి బిళ్ళకు చాలదు. పళ్ళు మూడూ ఒకే కేంద్రానికి రావడం చవక చక్‌లలో అరుదు. ఇంకో మాట, కాడను కాలెట్‌లో ఎంత లోపలికి వీలైతే అంత లోపలికి పెట్టండి. బయటకు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ ఊగుతుంది.

ఊగుడు ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. యంత్రం ప్లగ్గు తీసి, బల్ల మీద కదలకుండా బిగించి, ఒక పెన్సిలు మొనను బిళ్ళ అంచు పక్కన దాదాపు తగిలేలా పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఒక పక్క మాత్రమే గీత పడితే ఊగుతున్నట్టు. స్క్రూ వదులు చేసి, బిళ్ళను పావు చుట్టు తిప్పి మళ్ళీ బిగించి చూడండి. కొత్త గీత బిళ్ళ మీద పాత చోటే పడితే తప్పు బిళ్ళది, బిళ్ళ మీద పావు చుట్టు జరిగి పడితే తప్పు మాండ్రెల్‌ది. ఈ చిన్న పరీక్ష తెలియక బిళ్ళలు కొంటూ పోయినవాళ్ళను చాలామందిని చూశాను. నేనూ వాళ్ళలో ఒకణ్ణే.

సరే, మాండ్రెల్ బాగుంది, కాలెట్ బాగుంది. ఇప్పుడు మందం మాట్లాడుకోవచ్చు. దుకాణంలో మీకు దొరికేవి దాదాపు ఇవి: 0.2, 0.3 మందంతో 22 మిల్లీమీటర్ల బిళ్ళలు, 0.6 తోనూ 1 మిల్లీమీటరుతోనూ 24 మిల్లీమీటర్ల బిళ్ళలు, గాజు దారం జాలీ పెట్టిన 1.1 మందం బిళ్ళలు 32, 38 మిల్లీమీటర్ల సైజుల్లో.

బిళ్ళ సన్నబడితే బలం కూడా అంతే తగ్గుతుందని అనుకుంటాం. కాదు, చాలా ఎక్కువ తగ్గుతుంది. పక్కకు వంగకుండా నిలిచే గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది. 0.3 నుంచి 0.6 కు వెళితే రెట్టింపు కాదు, 8 రెట్లు. 0.6 నుంచి 1 కి వెళితే నాలుగున్నర రెట్ల పైనే. 0.3 బిళ్ళతో కోస్తూ చెయ్యి కొంచెం వంగితే బిళ్ళ కూడా వంగుతుంది, గాడి గోడలకు రాసుకుంటుంది, వేడెక్కుతుంది, ఆపైన పేలుతుంది.

పేలడం అంటే గుర్తొచ్చింది. వేగం వల్ల పేలుతుందనీ, సన్నటిది కాబట్టి వేగానికి ముందే పేలుతుందనీ చాలామంది అనుకుంటారు. తిరగడం వల్ల బిళ్ళలో పుట్టే లాగుడు అంచు వేగాన్ని బట్టి ఉంటుంది, మందాన్ని బట్టి కాదు. 24 మిల్లీమీటర్ల బిళ్ళ నిమిషానికి 30,000 చుట్లు తిరిగితే అంచు సెకనుకు దాదాపు 38 మీటర్లు పోతుంది. అంటే గంటకు 136 కిలోమీటర్లు. అదే వేగంతో 38 మిల్లీమీటర్ల బిళ్ళ అంచు సెకనుకు 60 మీటర్లు పోతుంది. లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి పెద్ద బిళ్ళలో అది రెండున్నర రెట్లు. అందుకే పెద్ద బిళ్ళల్లో జాలీ పెడతారు. చిన్న సన్నటి బిళ్ళలు వేగానికి కాదు, పక్కకు వంచితే విరుగుతాయి. నూటికి తొంభైసార్లు విరిచేది మన మణికట్టే. (నవ్వులు)

నవ్వకండి, ఇదిగో ఈ చెంప మీద గీత చూడండి. పాత గడియారం పెట్టెలో మూలకు చేరడానికి యంత్రాన్ని కొంచెం ఒరిగించాను. 0.6 బిళ్ళ, జాలీ లేనిది. మూడు ముక్కలైంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఈ రోజు మీ ముఖాలు చూస్తున్నాను. చదువుకునే అద్దాలు కావు, పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు. ఆ రోజు నేర్చుకున్నది ఇంకోటి ఉంది. బిళ్ళ తిరిగే తలానికి ఎదురుగా నా ముఖం పెట్టాను. పక్కకు జరిగి ఉంటే ఆ ముక్క గోడకు పోయేది. కొత్త బిళ్ళ పెట్టిన ప్రతిసారీ బల్ల కిందకు పెట్టి, ముఖం పక్కకు తిప్పి అరనిమిషం ఊరికే తిరగనివ్వండి. పగులు ఉన్న బిళ్ళ అప్పుడే విడిపోతుంది.

ఒరిగించాల్సిన అవసరం ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. 24 మిల్లీమీటర్ల బిళ్ళకు, స్క్రూ తల ఆక్రమించే చోటు లెక్కలోంచి తీసేస్తే, తొమ్మిది మిల్లీమీటర్ల లోతు కోత వస్తుందని డబ్బాలు చూసి లెక్కేస్తారు. రేకు అంచు నుంచి కోస్తే వస్తుంది. పెద్ద రేకు మధ్యలో గాడి పెట్టాలంటే యంత్రం ముక్కు అడ్డం వస్తుంది. ముక్కు 20 మిల్లీమీటర్ల లావు ఉంటే బిళ్ళ దాని కన్నా రెండు మిల్లీమీటర్లే బయటకు ఉంటుంది. ఇక ఒరిగించక తప్పదు, ఒరిగిస్తే విరగక తప్పదు. దీనికి మందు సన్నటి బిళ్ళ కాదు. వంగే గొట్టంతో వచ్చే సన్నటి చేతిపిడి కొనుక్కోండి. లేదా 38 మిల్లీమీటర్ల జాలీ బిళ్ళ వాడండి.

ఇప్పుడు బిళ్ళ దేనితో చేసింది అన్న సంగతి. ఇక్కడ నాకు ఒక చిన్న గర్వం ఉంది, చెప్పనివ్వండి. ఇనుము కోసే గోధుమ రంగు బిళ్ళలో ఉండే రాపిడి పొడి అల్యూమినియం ఆక్సైడ్. దాని సహజ రూపాన్ని ఇంగ్లీషులో కొరండం అంటారు. ఆ మాట దక్షిణ భారతదేశం నుంచి వెళ్ళిందే. తమిళంలో కురుందం, మనకు కురువిందం. నిఘంటువులో కురువిందం అంటే కెంపు అని ఉంటుంది. అదీ తప్పు కాదు, కెంపు కూడా కొద్దిగా క్రోమియం కలిసిన కొరండమే. మన సానపట్టేవాళ్ళు కురువిందం పొడిని లక్కతో కలిపి సానచక్రాలు పోసుకునేవారు. రాపిడి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు. ఈ రోజు మీరు కొనే బిళ్ళలో కూడా ఉన్నది అవే రెండు, లక్క బదులు రెసిన్, అంతే తేడా.

రెండోది నల్లటి బిళ్ళ, సిలికాన్ కార్బైడ్. దీన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టినీ కోక్ బొగ్గునూ విద్యుత్తుతో కాలుస్తూ చూశాడు. అందులో కార్బన్, కొరండం కలిసి ఉన్నాయనుకుని కార్బొరండం అని పేరు పెట్టాడు. తీరా చూస్తే అందులో కొరండం లేదు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. సికింద్రాబాదు రాణీగంజ్ పనిముట్ల బజారులో అడిగితే ఇప్పటికీ ఏ కోత బిళ్ళనైనా 'కార్బొరండమేనండీ' అని చేతిలో పెడతారు. కాబట్టి పేరు నమ్మకండి, రంగు చూడండి, డబ్బా చదవండి. నల్లది లేదా ఆకుపచ్చది గాజు, పింగాణీ, రాయి, ఇత్తడి, రాగి మీద బాగా పనిచేస్తుంది. ఇనుము మీద త్వరగా మొద్దుబారుతుంది. గోధుమ రంగుది ఇనుముకు, స్టీలుకు. దంత వైద్య దుకాణంలో దొరికే 0.2, 0.3 బిళ్ళలు ఏ రకానివో డబ్బా మీద చూసుకోండి. అల్యూమినియం కోస్తే ఏ బిళ్ళ అయినా పూడిపోతుంది. అంచుకు అప్పుడప్పుడు కొవ్వొత్తి రాయండి.

మూడోది వజ్రం. అన్నిటికన్నా గట్టిది కాబట్టి అన్నిటినీ కోస్తుందని అనుకుంటారు. గాజు, రాయి, టైలు, గట్టి పింగాణీ, సరే. స్టీలు మాత్రం వద్దు. వజ్రం అంటే కార్బన్. కోత దగ్గర వేడికి ఇనుము ఆ కార్బన్‌ను తనలో కలుపుకుంటుంది. నాలుగు స్టీలు మేకులు కోసేసరికి వజ్రపు మొనలు గుండ్రబడతాయి. చవకగా పది పదిహేను ఒకే డబ్బాలో వచ్చే వజ్రం బిళ్ళలు చూశారు కదా. అవి పలుచటి ఉక్కు బిళ్ళ అంచుకు నికెల్ పూతతో అంటించిన ఒక్క పొర వజ్రపు పొడి. ఆ పొర పోతే మిగిలేది ఉత్త రేకు. ఉక్కు రేకు విరగదు కదా అనే ధైర్యం నిజమే, అది ఒక మేలు. కానీ వాటిని ముద్రలా కొట్టి తీస్తారు, చాలావాటికి పళ్ళెంలా చిన్న వంపు ఉంటుంది. సమతలంగా ఉన్న అద్దం ముక్క మీద పెట్టి వేలితో అంచు నొక్కండి. టకటక కొట్టుకుంటే పక్కన పెట్టండి. పది కొంటే మంచివి మూడు తేలతాయి, ఆ మూడింటికే డబ్బు ఇచ్చామనుకోవాలి.

ఇంకో తేడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. రాపిడి బిళ్ళ కేంద్రం కొంచెం తప్పినా తనంతట తానే సరి అవుతుంది. ఎత్తుగా ఉన్న పక్క ముందు అరుగుతుంది, కాసేపటికి గుండ్రబడుతుంది. వజ్రం బిళ్ళ, పళ్ళ రంపం బిళ్ళ అలా సరికావు. కేంద్రం తప్పితే ఒక పక్క నాలుగు పళ్ళే పని చేస్తాయి, మిగతావి ఊరికే తిరుగుతాయి. కాబట్టి ఊగే యంత్రం ఉన్నవాళ్ళు రాపిడి బిళ్ళలతోనే ఉండటం మంచిది.

పళ్ళ బిళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. హైస్పీడ్ స్టీలు పళ్ళతో మామూలు స్టీలు కొయ్యడానికి అంచు వేగం నిమిషానికి 30 మీటర్ల చుట్టుపక్కల ఉండాలి. 22 మిల్లీమీటర్ల బిళ్ళకు అది నిమిషానికి 430 చుట్లు. మన యంత్రం ఎంత తగ్గించినా 5,000 దగ్గర ఆగుతుంది. అంటే పన్నెండు రెట్లు ఎక్కువ. పళ్ళు నీలం రంగుకు తిరిగి, క్షణాల్లో నున్నగా అయిపోతాయి. తప్పు బిళ్ళది కాదు. పళ్ళ బిళ్ళలు చెక్కకు, ప్లాస్టిక్కుకు, చాలా పలుచటి ఇత్తడి రేకుకు, అదీ యంత్రం ఎంత తగ్గితే అంత తగ్గించి. ప్లాస్టిక్కును రాపిడి బిళ్ళతో, పూర్తి వేగంతో కోస్తే కోత కాదు, కరుగుడు. వెనకే మళ్ళీ అతుక్కుపోతుంది కూడా. పళ్ళు ఒక్కసారిగా పట్టేస్తే యంత్రం చేతిలోంచి లాక్కుంటుంది. ముక్కను బల్లకు బిగించకుండా, వేళ్ళతో పట్టుకుని పళ్ళ బిళ్ళ వాడొద్దు.

దుమ్ము సంగతి పొడవుగా చెప్పను. గుజరాత్ ఖంభాత్‌లో అకీకు రాళ్ళు సానపట్టేవారికీ, మధ్యప్రదేశ్ మందసౌర్‌లో పలక బలపాలు కోసేవారికీ సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, వచ్చింది. రాయి, టైలు కోసేది నీళ్ళతో తడిపి కొయ్యండి, దుమ్మును ఆపే మంచి మాస్కు పెట్టుకోండి. ఫైబర్ గాజు బోర్డు కోసేటప్పుడు కూడా మాస్కు తప్పదు. తడపడం అంటే బోర్డు కింద తడి స్పాంజి పెట్టడం. యంత్రం మీద నీళ్ళు పోయడం కాదు, అది కరెంటుతో నడిచేది.

బిళ్ళ కొనేటప్పుడు చూడాల్సిన ఒక చిన్న విషయం. డబ్బా మీద గరిష్ఠ వేగం రాసి ఉండాలి. రాసి లేకపోతే కొనకండి, ఎంత చవకైనా సరే. రెసిన్ బిళ్ళలకు వయసు కూడా ఉంటుంది. పెద్ద గ్రైండరు బిళ్ళల మధ్య లోహపు రింగు మీద గడువు తేదీ ముద్రిస్తారు, సాధారణంగా తయారైన మూడేళ్ళకు. చిన్నవాటి మీద ముద్రించే చోటు లేదు. తేమ పీల్చుకుంటే జిగురు బలం తగ్గుతుంది. వానాకాలంలో ఎండ తగలని, తడి తగలని డబ్బాలో పెట్టుకోండి. నేను చెక్క పలకల మధ్య చదునుగా పెడతాను. జేబులో వేసుకుని తిరిగే బిళ్ళను నా యంత్రానికి పెట్టను.

అరిగిన బిళ్ళలను పారెయ్యకండి. 24 నుంచి 15 కు అరిగిన బిళ్ళ మూలల్లో దూరుతుంది. కొత్తదాని కన్నా గట్టిగా కూడా ఉంటుంది, ఎందుకంటే భుజం దాటి బయటకు ఉన్న భాగం తక్కువ. నా సన్నటి పనుల్లో సగం ఆ అరిగిన బిళ్ళలతోనే చేస్తాను.

ఇక మీ ప్రశ్నలు. చెప్పమ్మా.

(ఒక యువతి: నా దగ్గర ఉన్నవి మామూలు యంత్రం, దానితో వచ్చిన బిళ్ళలు మాత్రమే. ముందు ఏమి కొనాలి?)

మంచి ప్రశ్న. ముందు మాండ్రెళ్ళు, రెండు. ఒకటి నగల పనిముట్ల దుకాణంలోది, దానికి తగిన కాలెట్‌తో పాటు. తరువాత జాలీ ఉన్న 1.1 బిళ్ళలు ఒక డబ్బా. వాటితో చెయ్యి స్థిరపడేదాకా కోస్తూ ఉండు. గాడి వెడల్పు ఒకేలా వస్తోందని ఫీలర్ గేజ్ చెప్పినప్పుడు 0.6 కు దిగు. 0.3 నీకు అవసరమని నీ పని చెప్పాలి, దుకాణదారు కాదు.

(వెనక నుంచి ఒకరు: స్క్రూ తల అరిగిపోయింది, గాడి పెట్టాలి. ఏ బిళ్ళ?)

మీ స్క్రూడ్రైవర్ మొన మందం కొలవండి, నాయనా. మామూలుగా 0.6 నుంచి 1 మిల్లీమీటరు వరకు ఉంటుంది. ఆ మందానికి సరిపడే గోధుమ రంగు బిళ్ళ. సన్నటి గాడి పెట్టి తరువాత వెడల్పు చేద్దామనుకోకండి. గాడిలో బిళ్ళను పక్కకు నొక్కడమే దాన్ని విరవడం. ఒకవేళ వెడల్పు గాడి కావాలంటే, ముందే అంత మందమున్న బిళ్ళ ఎంచుకోండి. స్క్రూ చుట్టూ ఉన్న పెట్టెకు బిళ్ళ తగలకుండా చూసుకోండి. ఆ గీతలు జీవితాంతం కనపడతాయి.

(మరొకరు: మాండ్రెల్ స్క్రూ ఎంత గట్టిగా బిగించాలి?)

వేలి బలం, ఆపైన పావు చుట్టు. అంతకు మించి బిగిస్తే సన్నటి బిళ్ళ మధ్యలో వెంట్రుకంత పగులు వస్తుంది, అది మీకు కనపడదు. బిళ్ళకు పైనా కిందా కాగితం లేదా ఫైబర్ వాషర్ పెట్టండి. అది రవ్వలను కూడా కొంత మింగేస్తుంది.

ఇక మాటలు చాలు. కిటికీ పక్క బల్ల మీద రెండు యంత్రాలు బిగించి ఉంచాను. పక్కనే మూడు మాండ్రెళ్ళు ఉన్నాయి, వాటిలో ఒకటి వంగింది, ఏదో చెప్పను, పెన్సిలు పెట్టి మీరే కనుక్కోండి. రక్షణ అద్దాలు ఆరు జతలే ఉన్నాయి, కాబట్టి ఆరుగురు చొప్పున రండి. ఆ 'గ' ముక్క ఎవరి జేబులోకి వెళ్ళిందో కానీ, వెనక్కి ఇచ్చెయ్యండి.